పొడి ఒక అరలో, ద్రవం ఇంకో అరలో: మధ్య సీల్ ఎలా డిజైన్ చేయాలి?

సురేఖ
అందరికీ నమస్కారం. ఒక డ్రింక్ ప్రాడక్ట్ మీద పని చేస్తున్నాను, ఒకే పౌచ్‌లో రెండు అరలు కావాలి. ఒక అరలో పొడి, 12 గ్రాములు, అందులో ప్రోబయాటిక్ (కడుపుకి మేలు చేసే బ్యాక్టీరియా), విటమిన్ సి ఉన్నాయి. రెండో అరలో పండ్ల రసం బేస్‌తో చేసిన పుల్లటి ద్రవం, 90 మిల్లీలీటర్లు. తాగే మనిషి ద్రవం వైపు అరచేత్తో నొక్కితే మధ్య సీల్ విడిపోవాలి, రెండూ కలవాలి, తర్వాత మూల చించుకుని తాగాలి. ముందే కలిపి అమ్మలేం, ఎందుకంటే ద్రవంలో పడ్డాక విటమిన్ సి నిలవదు, ప్రోబయాటిక్ అసలే నిలవదు.

పౌచ్ వెడల్పు 120 మి.మీ. ఫిల్మ్ ఫాయిల్ లామినేట్, అంటే అల్యూమినియం రేకు, ప్లాస్టిక్ పొరలుగా అతికించింది. వేడికి కరిగి అతుక్కునే లోపలి పొర మామూలు ఎల్‌ఎల్‌డీపీఈ (ఒక రకం పాలిఇథిలీన్). చుట్టూ సీల్ పూర్తి వేడితో వేసి, మధ్య సీల్‌కి మాత్రం సీల్ వేసే వేడి బార్ టెంపరేచర్ తగ్గిస్తున్నాం. ఒక బ్యాచ్‌లో ఎంత నొక్కినా విడవదు, ఇంకో బ్యాచ్‌లో కార్టన్ తెరిచేసరికే కలిసిపోయి ఉంటుంది. మధ్యస్థంగా ఎక్కడా నిలవడం లేదు. పైగా పొడి గడ్డకడుతుందేమోనని ఒకటే టెన్షన్, ఏడాది షెల్ఫ్ లైఫ్ కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

మనోహర్
సురేఖ గారూ, మెషీన్ జోలికి వెళ్లకముందు లోపలి పొర మార్చండి. మామూలు ఎల్‌ఎల్‌డీపీఈకి సీల్ బలం గ్రాఫ్ గీస్తే ఏటవాలు గోడలా ఉంటుంది: ఒక టెంపరేచర్ దాకా దాదాపు ఏమీ అతుక్కోదు, ఆ పైన కొద్ది డిగ్రీల్లోనే పూర్తి వెల్డ్ అయిపోతుంది. మీకు కావలసిన బలం ఆ గోడ మధ్యలో ఎక్కడో ఉంది. బార్ టెంపరేచర్ ఇటు అటు కొన్ని డిగ్రీలు ఊగడం ఏ మెషీన్‌లోనైనా మామూలే, కాబట్టి ఒక బ్యాచ్ ఇలా, ఒక బ్యాచ్ అలా వస్తూనే ఉంటుంది. ఆపరేటర్‌ని అని లాభం లేదు.

మీకు కావలసింది పీలబుల్ సీలెంట్, అంటే అతుక్కున్నా లాగితే విడివడే లోపలి పొర. పాలిఇథిలీన్‌లో దానితో సరిగ్గా కలవని ఇంకో పాలిమర్, ఎక్కువగా పాలీబ్యూటిన్-1, కొద్ది పాళ్లలో కలుపుతారు. ఆ రెండూ కలవకపోవడమే ఇక్కడ మనకి పనికొచ్చేది, సీల్ లాగినప్పుడు ఆ సరిహద్దుల వెంట శుభ్రంగా విడిపోతుంది. దీని గ్రాఫ్‌లో మధ్యలో ఒక చదునైన మెట్టు ఉంటుంది, అంటే టెంపరేచర్ కాస్త అటు ఇటు అయినా బలం ఇంచుమించు అంతే ఉంటుంది. అదే ఫిల్మ్‌కి ఎక్కువ వేడి, ఎక్కువ ఒత్తిడి ఇచ్చి చుట్టూ సీల్ గట్టిగా వేయగలిగే గ్రేడ్లూ ఉన్నాయి. ఫిల్మ్ సప్లయర్‌ని గ్రేడ్ పేరుతో పాటు ఆ గ్రాఫ్ కూడా అడగండి. గ్రాఫ్ చూపించలేని వాళ్ల ఫిల్మ్ కొనొద్దు.

ఇంకొకటి చాలామంది వదిలేస్తారు. పాలీబ్యూటిన్-1 చల్లారాక కూడా దాని స్ఫటిక రూపం మెల్లగా మారుతూ ఉంటుంది, గది ఉష్ణోగ్రతలో వారం పైనే పడుతుంది. అందుకని సీల్ వేసిన రోజు కొలిచిన బలం, పది రోజుల తర్వాత కొలిచిన బలం ఒకటి కావు. రెండూ కొలవండి, డిజైన్‌కి మాత్రం తర్వాతదే తీసుకోండి.

ఫణి
మనోహర్ గారు చెప్పింది నిజం, కానీ ఎంత బలం పెట్టాలో ముందు లెక్క వేసుకోవాలి కదా. కాగితం మీద వేసి చూద్దాం.

లోపల ఒత్తిడి పెరిగి పౌచ్ ఉబ్బినప్పుడు సీల్ అంచున ఫిల్మ్ మీద పడే లాగుడు, సుమారుగా, ఒత్తిడిని ఆ ఉబ్బు వ్యాసార్థంతో గుణిస్తే వస్తుంది. అరచేత్తో 50 న్యూటన్లతో నొక్కారు, చెయ్యి ఆనిన చోటు 25 చదరపు సెంటీమీటర్లు అనుకోండి, లోపల ఒత్తిడి 20 కిలోపాస్కల్స్. ద్రవం సీల్ దగ్గరికి తోసుకొచ్చి 20 మి.మీ. వ్యాసార్థంతో ఉబ్బితే లాగుడు మీటరుకి 400 న్యూటన్లు, మనం కొలిచే 15 మి.మీ. ముక్క లెక్కలో 6 న్యూటన్లు. అంటే మధ్య సీల్ 6కి కింద ఉండాలి, 4-5 దగ్గర పెట్టుకుంటే ముసలివాళ్ల చేతులకీ విడుతుంది. చుట్టూ సీల్ 30 దాటాలి.

ఇప్పుడు కార్టన్ సంగతి. పౌచ్ మీద 5 కిలోల బరువు, వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే ఒత్తిడి 5 కిలోపాస్కల్స్ దాకా. పౌచ్ బల్లపరుపుగా పడుకుని పైన కింద ఇంకో పౌచ్ ఆని ఉంటే అంచున ఉబ్బడానికి చోటు 5 మి.మీ. వ్యాసార్థమే. లాగుడు 15 మి.మీ.కి 0.4 న్యూటన్ కూడా లేదు! కింద పడేసినప్పుడు ఒత్తిడి దానికి పదింతలై 50 కిలోపాస్కల్స్‌కి చేరినా, ఉబ్బు అంతే ఉంటే 3.75 న్యూటన్లు. 4-5 న్యూటన్ల సీల్ దాన్ని తట్టుకుంటుంది, అంచు మీద ఉన్నట్టే అనుకోండి. అదే పౌచ్‌ని వదులు కార్టన్‌లో నిలబెట్టి పెడితే ద్రవం అంతా కిందికి జారి లావుగా ఉబ్బుతుంది, వ్యాసార్థం 15-20 అవుతుంది, పడ్డప్పుడు తప్పకుండా విడిపోతుంది.

కాబట్టి సీల్ బలం ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దు. పౌచ్ ఉబ్బకుండా ఆపేది కార్టన్, సీల్‌ని కాపాడేదీ అదే. సురేఖ గారూ, మీ పౌచ్‌లు కార్టన్‌లో ఎలా ఉన్నాయి?

సురేఖ
నిలబెట్టి, వరసగా. పైన రెండు వేళ్లంత ఖాళీ కూడా ఉంటుంది. ఈ లెక్క మాకు ఎవరూ చెప్పలేదు ఫణి గారూ, చాలా థ్యాంక్స్.

వసుధ
ఇంత కష్టం ఎందుకండీ? పొడిని పల్చటి పీఈ (పాలిఇథిలీన్) సాషేలో, అంటే చిన్న ప్యాకెట్‌లో పెట్టి ఆ సాషేని ద్రవంలో వేసేయొచ్చు, నొక్కితే లోపలిది పగులుతుంది. దెబ్బ తగిలినప్పుడు పెట్టుకునే ఇన్‌స్టంట్ కోల్డ్ ప్యాక్ అలాగే పనిచేస్తుంది, లోపలి సంచిలో నీళ్లు, బయట అమోనియం నైట్రేట్ లాంటి లవణం. లేదంటే స్పౌట్ పౌచ్ (మూతి, మూత ఉన్నది) తీసుకుని మూతలోనే పొడి ఉంచండి, మూత తిప్పితే పడిపోతుంది.

గీత
వసుధ గారూ, కోల్డ్ ప్యాక్‌లో లవణానికి కాస్త తేమ తగిలినా ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ ప్రోబయాటిక్ ఉంది, పొడి వాటర్ యాక్టివిటీ (అందులో విడిగా ఉన్న తేమకి కొలత, 0 నుంచి 1 దాకా) 0.2 దగ్గర ఉండాలి. నేను ల్యాబ్ మనిషిని, తేమ లెక్క నేను వేస్తాను.

25 మైక్రాన్ల ఎల్‌డీపీఈ (సాషేకి వాడే మామూలు పాలిఇథిలీన్) ఫిల్మ్ గుండా 38 డిగ్రీలు, 90 శాతం తేమ దగ్గర రోజుకి చదరపు మీటరుకి సుమారు 18 గ్రాముల నీటి ఆవిరి పోతుంది. 100 మైక్రాన్లు చేస్తే 4.5 గ్రాములు. ద్రవంలో మునిగిన సాషేకి రెండు వైపులా కలిపి 200 చదరపు సెంటీమీటర్లు ఉంటే రోజుకి 90 మిల్లీగ్రాములు లోపలికి వస్తుంది. నెలకి 2.7 గ్రాములు, 12 గ్రాముల పొడిలోకి! గది ఉష్ణోగ్రతలో ఇది బాగా తగ్గుతుంది, అయినా ఏడాది మాట దేవుడెరుగు, పొడి కొన్ని వారాల్లోనే ముద్దవుతుంది. సాషేని ఫాయిల్‌తో చేస్తే తేమ ఆగుతుంది గానీ అప్పుడు చేత్తో పగలదు, పగిలినా ఆ రేకు తాగే ద్రవంలో ఉంటుంది.

ఇప్పుడు సురేఖ గారి పద్ధతి చూడండి. ముందు ఫిల్మ్, వెనక ఫిల్మ్ రెండూ ఫాయిల్ లామినేట్, మధ్యలో వాటినే ఒకదానికొకటి అతికించారు. తేమ పోవాలంటే సీలెంట్ పొర మందంలోంచి, సీల్ వెడల్పంతా అడ్డంగా పాకాలి. సీలెంట్ రెండు వైపులా 80 చొప్పున 160 మైక్రాన్లు, సీల్ పొడవు 120 మి.మీ., వెడల్పు 10 మి.మీ. ఆ లెక్కన రోజుకి ఒక మైక్రోగ్రాము లోపే. ఏడాదికి మిల్లీగ్రాములో మూడో వంతు. పీల్ గ్రేడ్ దీనికి పదింతలు వదిలినా మూడు మిల్లీగ్రాముల చిల్లరే.

అంటే సీల్ నిండుగా పడితే దాని గుండా వచ్చే తేమ గురించి దిగులు అక్కర్లేదు. దిగులు పడాల్సింది సీల్‌లో ఇరుక్కున్న పొడి రేణువు గురించి, ముడత గురించి. అక్కడ సన్నటి గొట్టంలా దారి ఏర్పడి ద్రవమే నేరుగా పాకుతుంది, దానికి ఈ లెక్కలేవీ వర్తించవు.

వసుధ
సాషే మాట వెనక్కి తీసుకుంటున్నాను, లెక్క స్పష్టంగా ఉంది. మూత మాటేమిటి మరి?

సురేఖ
మూతలో 12 గ్రాములు పట్టాలంటే మూత చాలా పెద్దదవుతుంది వసుధ గారూ. 1-2 గ్రాములైతే నేనూ అదే చేసేదాన్ని.

దివాకర్
ఫిల్లింగ్ లైన్ వైపు నుంచి నా మాట. ఏది ముందు నింపాలి అన్నది ఇక్కడ తేలాలి. మీ ద్రవం పుల్లటి రసం అంటున్నారు కాబట్టి బహుశా 85 డిగ్రీల దగ్గర వేడిగా నింపి సీల్ వేస్తారు, అవునా? అలాగైతే ద్రవం ముందు, పొడి ఆఖరున. ప్రోబయాటిక్‌ని ఆ వేడికి దరిచేర్చకూడదు.

పని వరస ఇలా ఉండాలి. ముందు మధ్య సీల్ వేసి, దాని రెండు చివరలూ పక్క సీల్ లోపలికి చొచ్చుకుపోయేలా ఉంచి, ఆ పైన పక్క సీల్ వేయాలి. మధ్య సీల్ పక్క సీల్‌కి తాకి ఆగిపోతే ఆ మూలలోనే లీక్ వస్తుంది, నేను చూసిన లీకుల్లో ఎక్కువ అక్కడివే. తర్వాత ద్రవం అర నింపి మూయాలి. ద్రవం వేడిగా ఉన్నంతసేపు మధ్య సీల్ మెత్తబడి ఉంటుంది, దాని మీద ఆ 90 మి.లీ. బరువు వేలాడకూడదు, అందుకని సీల్ మీద రెండు వైపుల నుంచీ క్లాంప్ పట్టి ఉంచాలి, చల్లారేదాకా వదలొద్దు.

చల్లార్చడం దగ్గర జాగ్రత్త. నీటి తొట్టిలో ముంచి చల్లారిస్తే పొడి అర నోరు ఇంకా తెరిచే ఉంటుంది, ఒక్క చుక్క లోపలికి పోయినా గీత గారి లెక్కలన్నీ వృథా. ఆ నోటిని పైకి ఉంచి కింది సగాన్నే తడపండి, లేదా గాలితో చల్లార్చండి, కాస్త ఆలస్యమైనా సరే.

పొడి నింపేటప్పుడు ధూళి లేచి సీల్ పడే చోట పట్టుకుంటుంది, ఫిల్మ్‌కి ఉన్న స్టాటిక్ వల్ల ఇంకా ఎక్కువ. ఆ స్టాటిక్ పోగొట్టే అయనైజర్ బార్ పెట్టండి, ఫన్నెల్ మూతిని సీల్ గీతకి కిందిదాకా దించి అక్కడ వదలండి. పై సీల్‌ని వేడి బార్ బదులు అల్ట్రాసోనిక్ కంపనంతో వేస్తే ఇంకా మంచిది, ఆ కంపనానికి సన్నటి ధూళి పక్కకి తొలుగుతుంది. మూసే ముందు నైట్రోజన్ కొట్టండి, కానీ ఉబ్బేంత వద్దు.

ఫణి
నైట్రోజన్ గురించి దివాకర్ గారు అన్నది గుర్తు పెట్టుకోండి. పౌచ్‌లు విమానంలోనో ఎత్తైన కనుమ దారిలోనో వెళ్తే బయటి ఒత్తిడి తగ్గుతుంది, 75 కిలోపాస్కల్స్ దగ్గర లోపలి వాయువు మూడో వంతు పైగా వ్యాకోచిస్తుంది. పొడి అర బుడగలా ఉబ్బితే మధ్య సీల్‌ని అటు నుంచి లాగుతుంది.

ఇక సీల్ ఆకారం. తిన్నటి గీతలా వేయకండి, వి ఆకారంలో వేసి మొన ద్రవం వైపు ఉంచండి. ఒత్తిడి ఆ మొన మీద కేంద్రీకృతమై అక్కడే విడవడం మొదలవుతుంది, తర్వాత రెండు పక్కలకీ పాకుతుంది. దీనివల్ల రెండు లాభాలు: సీల్ బలం కాస్త ఎక్కువ పెట్టుకున్నా చేత్తో విడుతుంది, ఎక్కడ విడుతుందో ముందే తెలుస్తుంది కాబట్టి ద్రవం పొడి మధ్యలోకి సూటిగా దూకుతుంది. మొన మరీ సూదిగా వద్దు, కింద పడ్డప్పుడు అక్కడే జారిపోతుంది. 5-6 మి.మీ. గుండ్రం ఇచ్చి చూడండి.

కావాలని ఒక వైపు బలహీనంగా ఉంచే ఈ ఆలోచన కొత్తదేం కాదు. ఎడ్విన్ లాండ్ 1947లో చూపించిన ఇన్‌స్టంట్ ఫోటో పద్ధతిలో, ఏడాది తర్వాత అమ్మకానికి వచ్చిన పోలరాయిడ్ ఫిల్మ్‌లో, ప్రతి ఫోటోకి ఒక చిన్న ఫాయిల్ సంచి ఉండేది, అందులో చిక్కటి డెవలపర్. రోలర్ల మధ్య నుంచి లాగితే సంచి ఒక అంచు వెంటే విడిపోయి ద్రవం సమంగా పరుచుకునేది. నాకు ఆ సంచి అంటే చాలా ఇష్టం, ఈ మొత్తం చర్చకి కావలసిందంతా అందులో ఉంది. ఇప్పుడు ఆస్పత్రుల్లో నరం ద్వారా పోషకాలు ఎక్కించే రెండు మూడు అరల సంచులూ ఇదే పద్ధతి. వాటిని పంపేటప్పుడు మధ్య సీల్ దగ్గర మడిచి పై కవర్‌లో పెడతారు. మడత దగ్గర ఉబ్బడానికి చోటే లేదు, వ్యాసార్థం సున్నాకి దగ్గర, సీల్ మీద లాగుడు ఉండదు. సురేఖ గారు కూడా పౌచ్‌ని అక్కడే మడిచి చిన్న స్లీవ్‌లో పెట్టొచ్చు.

గీత
మడత మాట దగ్గర ఆగండి ఫణి గారూ. ఆ సంచులు ఎక్కువగా ఫాయిల్ లేని ఫిల్మ్‌తో చేసినవి, మడిచినా ఏమీ కాదు. మన పౌచ్‌లో 9 మైక్రాన్ల అల్యూమినియం ఉంది, గట్టిగా మడిస్తే మడత వెంట చిట్లి పిన్‌హోల్స్ (సూది బెజ్జాలు) పడతాయి. వాటిలోంచి తేమ, ఆక్సిజన్ రెండూ వస్తాయి, పుల్లటి ద్రవం అల్యూమినియాన్ని తాకితే పొరలు కూడా విడిపోవచ్చు.

ఫణి
ఒప్పుకుంటున్నాను. అయితే నొక్కి మడవకుండా, మధ్యలో 3-4 మి.మీ. కార్డు పెట్టి దాని చుట్టూ తిప్పండి, మడత మెత్తగా ఉంటుంది. ఫాయిల్‌కీ సీలెంట్‌కీ మధ్య 15 మైక్రాన్ల నైలాన్ పొర ఉంటే ఇంకా ఓర్చుకుంటుంది. మడతని 10 మి.మీ. వెడల్పు సీల్ మీదే పడేలా చూసుకోండి, అక్కడ రెండు ఫిల్ములూ అతుక్కుని ఉంటాయి, పిన్‌హోల్ పడినా వెనక పొడి లేదు, ద్రవం లేదు.

గీత
సీల్ మీద మడత అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ చూసి ఒప్పుకుంటాను.

నవీన్
ఫాయిల్ అన్నాక అది రీసైకిల్ కాదు కదా. మొత్తం పీఈతోనే చేసి, మధ్యలో 5 శాతం లోపు ఈవీఓహెచ్ (ఆక్సిజన్‌ని అడ్డుకునే ప్లాస్టిక్) పెడితే రీసైక్లింగ్‌లోకి పోతుంది. ఎవరూ ఆ మాటే ఎత్తడం లేదు, నాకు అది బాధగా ఉంది.

గీత
నవీన్ గారూ, మీ బాధ నాకూ ఉంది. కానీ ఈవీఓహెచ్ ఆపేది ఆక్సిజన్‌ని, అదీ పొడిగా ఉన్నంతవరకే, తేమ పట్టాక దాని బలం పడిపోతుంది. పొడి అర రెండు వైపులా కలిపి 144 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. రోజుకి చదరపు మీటరుకి 1 గ్రాము వదిలే ఫిల్మ్ అయితే ఏడాదికి 5 గ్రాముల నీరు లోపలికి. 0.1 వదిలే మంచి కోటింగ్ ఉన్న ఫిల్మ్ అయినా అర గ్రాము. ఇవి వేడి, తేమ ఎక్కువ ఉన్న చోట అంకెలు, మామూలు గదిలో తక్కువే, అయినా ఈ ప్రోబయాటిక్‌కి ఏడాది హామీ ఇవ్వలేను. చక్కెర, ఉప్పు లాంటివైతే నేనే మీ వైపు వాదించేదాన్ని.

మనోహర్
మొత్తం పీఈ అయితే ఇంకో ఇబ్బంది, బయటి పొర కరగకుండా లోపలి పొర కరగాలి, ఆ మధ్య ఖాళీ ఇరుకు. ఆ ఇరుకులోనే రెండు రకాల సీల్స్ ఇమడ్చాలి. షెల్ఫ్ లైఫ్ మూడు నెలలకి తగ్గించుకోగలిగితే, నవీన్ గారూ, అప్పుడు మీ దారి గట్టిగా ప్రయత్నించదగ్గది.

సురేఖ
మూడు నెలలు మాకు కుదరదు, నిజంగా కుదిరితే అదే చేసేదాన్ని. కాబట్టి బయటి నుంచి లోపలికి పీఈటీ (పాలిస్టర్) 12, ఫాయిల్ 9, నైలాన్ 15, పీల్ సీలెంట్ 80 మైక్రాన్లు. వి ఆకారపు సీల్, కార్టన్‌లో పౌచ్‌లు పడుకోబెట్టి. గీత గారూ, పెద్ద ల్యాబ్‌కి పంపేముందు మేమే చేసుకోగల పరీక్షలు చెప్పండి.

గీత
ముందు పొడి బదులు ఆరబెట్టిన సిలికా జెల్ గుళికలు తూకం వేసి పొడి అరలో పోయండి, రంగు మారే రకం. ద్రవం అరలో మిథిలిన్ బ్లూ అనే నీలం రంగు కలిపిన నీళ్లు. 38 డిగ్రీలు, 90 శాతం తేమ ఉన్న ఛాంబర్‌లో పెట్టి, వారం వారం కొన్ని పౌచ్‌లు కోసి మిల్లీగ్రాము దాకా తూచే బ్యాలెన్స్ మీద సిలికా బరువు చూడండి. బరువు మెల్లగా, అన్ని పౌచ్‌లలో ఒకేలా పెరిగితే ఫిల్మ్ దోషం. ఒకటి రెండిట్లోనే ఒక్కసారి పెరిగి, సీల్ పక్క గుళికలకి నీలం అంటితే సీల్‌లో దారి ఉన్నట్టు. రెండిటికీ మందు వేరు కాబట్టి ఈ తేడా ముందే తెలియాలి.

సీల్ బలానికి ఏఎస్‌టీఎం ఎఫ్88 (సీల్ బలం కొలిచే ప్రామాణిక పరీక్ష) పద్ధతిలో 15 మి.మీ. ముక్కలు లాగండి, సగటు ఒక్కటే కాకుండా కనిష్ఠం, గరిష్ఠం కూడా రాసుకోండి. కనిష్ఠం కార్టన్‌లో విడిపోయే పౌచ్ గురించి చెప్తుంది, గరిష్ఠం ముసలావిడ చేతిలో విడవని పౌచ్ గురించి. సీల్ మధ్య నుంచి, రెండు చివర్ల నుంచి విడివిడిగా కోయండి. మడత పరీక్షకి, స్లీవ్‌లో పెట్టి రవాణా కంపనం ఇచ్చాక ఖాళీ పౌచ్‌ని విప్పి చీకటి గదిలో వెనక దీపం పెట్టి చూడండి, పిన్‌హోల్స్ నక్షత్రాల్లా కనిపిస్తాయి.

వసుధ
కలిసే సంగతి ఎవరూ మాట్లాడలేదు. ద్రవం దూకగానే పొడి పై పొర తడిసి జిగురై లోపలి పొడికి నీళ్లు అందవు, ఉండలు కడుతుంది. పౌచ్ నిండుగా ఉంటే ఊపడానికి చోటు ఉండదు. రెండు అరలూ కలిశాక మూడో వంతు ఖాళీ మిగిలేలా కొలతలు పెట్టండి. మెత్తటి పొడి కాకుండా గ్రాన్యూల్స్‌గా చేయించండి, ధూళి తగ్గుతుంది, దివాకర్ గారికి కూడా సుఖం. పొడి అర మూలలు గుండ్రంగా ఉంచండి, చదరపు మూలల్లో పొడి ఇరుక్కుని తాగడం అయ్యాక బయటపడుతుంది.

దివాకర్
గ్రాన్యూల్స్ మాట బావుంది. కాకపోతే గట్టి గుళికలు వద్దు, గుళిక సీల్ మధ్య ఇరుక్కుంటే ధూళి కన్నా పెద్ద దారి చేస్తుంది.

సురేఖ
మూడో వంతు ఖాళీ అంటే ఆ చోటంతా పొడి అరలోనే ఉండాలా? దాంట్లో నైట్రోజన్ ఎక్కువ పడుతుంది, ఫణి గారు ఎత్తు గురించి చెప్పింది మళ్లీ ముందుకొస్తుంది కదా.

ఫణి
చోటు ఉండాలి, వాయువు అక్కర్లేదు. నైట్రోజన్ కొట్టాక మూసేముందు పొడి అరని రెండు స్పాంజ్ ప్లేట్ల మధ్య మెల్లగా నొక్కి పల్చగా చేసి సీల్ వేయండి. ఫిల్మ్ వదులుగా ఉంటుంది, ద్రవం వచ్చినప్పుడు తెరుచుకుంటుంది. ద్రవం అరలో మాత్రం గాలి వీలైనంత తక్కువ ఉంచండి, గాలి ఉంటే నొక్కిన బలమంతా దాన్ని నలపడానికే పోతుంది. శాంపిల్స్ వచ్చాక కొలతలతో పాటు ఫోటోలు పెట్టండి, విడిచిన సీల్‌ని దగ్గర నుంచి తీసినవి. సీల్ పడిన చోటంతా తెల్లగా, ఒకే రకంగా విడిందా, దారాలు లాగిందా అన్నది చూస్తే టెంపరేచర్ ఎటు జరపాలో మనోహర్ గారు చెప్పగలరు.

మనోహర్
తప్పకుండా చెప్తాను. సీల్ వేసిన రోజు లాగిన ముక్క, పది రోజుల తర్వాత లాగిన ముక్క, రెండిటి ఫోటోలూ కావాలి.